మార్షల్ ప్లాన్ లెక్కలు మళ్లీ తీసిన చరిత్రకారుడు

యుద్ధంలో చితికిపోయిన దేశం గురించి మాట వస్తే చాలు, ‘ఇంకో మార్షల్ ప్లాన్ కావాలి’ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ యూరప్ కోలుకోడానికి అమెరికా చేసిన సాయమే ఈ మార్షల్ ప్లాన్. ఉక్రెయిన్ విషయంలోనూ ఇదే విన్నాం. విన్నప్పుడల్లా నాకు బ్రిటిష్ ఆర్థిక చరిత్రకారుడు అలన్ మిల్వర్డ్ గుర్తొస్తారు.

1935లో స్టోక్-ఆన్-ట్రెంట్‌లో పుట్టిన ఆయన మొదట పట్టుకున్నది హిట్లర్ జర్మనీ యుద్ధకాలపు ఆర్థిక వ్యవస్థను. తర్వాత జర్మన్ల ఆక్రమణలో ఫ్రాన్స్, నార్వే ఎలా నడిచాయో చూశారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, ఫ్లోరెన్స్‌లోని యూరోపియన్ యూనివర్సిటీ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పారు. 2010లో చనిపోయారు.

పెద్ద దుమారం రేపింది 1984లో వచ్చిన పుస్తకం. 1947 జూన్ 5న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ హార్వర్డ్‌లో ఈ సాయం గురించి ప్రసంగించే నాటికి పశ్చిమ యూరప్ కుప్పకూలబోతోందని, అమెరికా ఇచ్చిన దాదాపు 1,300 కోట్ల డాలర్లే దాన్ని నిలబెట్టాయని అప్పటిదాకా చెప్పుకునేవారు. మిల్వర్డ్ ఆ ప్రసంగాలను పక్కనపెట్టి దిగుమతుల లెక్కలు ముందేసుకున్నారు. చూస్తే, యూరప్ దేశాలు అమెరికా నుంచి యంత్రాలు తెగ కొంటున్నాయి. ఉత్పత్తి పడిపోయి కాదు, పుంజుకుంటున్నందుకే డాలర్లకు కటకట వచ్చింది. బేరం జోరుగా సాగుతున్న కొట్టుకు సరుకు తెచ్చుకోడానికి రొక్కం లేకపోవడం లాంటిదది. అప్పు అవసరమే, కానీ కొట్టు మూతపడే స్థితిలో లేదు.

ఇక్కడ ఆయన కాస్త గట్టిగానే లాగారని నాకనిపిస్తుంది. ఆ డాలర్లే లేకపోతే జనం ఇంకా కడుపు కట్టుకోవాల్సి వచ్చేది, అదేమీ చిన్న విషయం కాదు. అయినా ప్రశ్న మార్చింది మాత్రం ఆయనే.

1992 నాటి పుస్తకంలో ఇంకో అడుగు వేశారు. ఫ్రాన్స్‌కు చెందిన షూమన్, మొనే లాంటి మహానుభావుల ఆదర్శాల వల్లే యూరప్ ఏకమైందన్న నమ్మకాన్ని ఆయన ఒప్పుకోలేదు. జాతీయ ప్రభుత్వాలు తమను తాము కాపాడుకోడానికే అధికారంలో కొంత యూరప్ ఉమ్మడి సంస్థలకు అప్పగించాయన్నారు. దానికి ఆయన చూపిన ఉదాహరణ బెల్జియం బొగ్గు. బెల్జియం గనుల్లో బొగ్గు తవ్వడానికి ఖర్చెక్కువ. జర్మనీలోని రూర్ ప్రాంతపు బొగ్గుతో నేరుగా పోటీ పడితే చాలా గనులు మూసుకోవాలి, వేలమంది కార్మికులు రోడ్డున పడతారు. అందుకే ఆరు దేశాల బొగ్గు, ఉక్కు మార్కెట్లను కలిపిన 1951 పారిస్ ఒప్పందంలో ఐదేళ్ల గడువు పెట్టి, జర్మన్, డచ్ బొగ్గు మీద రుసుము వేసి బెల్జియం గనులకు సాయం అందించారు. యుద్ధం ముగిసి పదేళ్లు కూడా కాకముందే, బెల్జియంలోని బోరినాజ్ గని కార్మికుడి కూలిలో రూర్ బొగ్గు అమ్మిన డబ్బు కలిసింది.