దండ ఎవరి మెడలో వెయ్యాలి?

ఫిన్లాండ్ కళాకారుల మీద నాకున్న ఫిర్యాదు చిన్నదే. బొమ్మ వెయ్యడానికి గుడ్డా, రంగూ వాళ్ళకి చాలవు. ఉక్కు, సిమెంటు, గడ్డిపెళ్ళలు, పాత చొక్కాలు... కంటబడ్డ వస్తువునల్లా కళ చేసేస్తారు. చేసి, పోనీ అర్థం చెబుతారా అంటే అదీ లేదు.

హెల్సింకీలో సంగీతకారుడు సిబేలియస్‌కి స్మారకం కావాలన్నారు. ఎయిలా హిల్టునెన్ అనే శిల్పి 600కు పైగా ఉక్కు గొట్టాలు వెల్డింగ్ చేసి 1967లో నిలబెట్టింది. బరువు 24 టన్నులు. కిందికెళ్ళి తలెత్తితే బోలు గొట్టాల్లోంచి ఆకాశం బిళ్ళలు బిళ్ళలుగా కనిపిస్తుంది. బాగుంది, మరి మనిషేడీ? జయంతి నాడు దండ ఎవరి మెడలో వెయ్యాలి? అక్కడి జనమూ ఇలాగే గోల పెట్టారు, పుణ్యాత్ములు. ఆవిడ దిగొచ్చి పక్కన బండ మీద సిబేలియస్ ముఖం ఒకటి పెట్టింది. ముఖమే. దండ సమస్య అలాగే ఉండిపోయింది.

రంగులు వాడినవాళ్ళైనా బుద్ధిగా ఉన్నారా? హూగో సింబెర్గ్ 1903లో ఇద్దరు కుర్రాళ్ళ చేత ఒక దేవకన్యను స్ట్రెచర్ మీద మోయించాడు. కళ్ళకు కట్టు, రెక్క మీద నెత్తుటి చార, చేతిలో నాలుగు తెల్లపూలు. వెనక కుర్రాడు మనమే కొట్టినట్టు ఉరిమి చూస్తుంటాడు. దెబ్బ ఎలా తగిలింది, ఎక్కడికి తీసుకెళుతున్నారు? సింబెర్గ్ నోరు విప్పలేదు. కేసు రాయాలంటే ఒక్క సాక్షీ లేడు. ఇలాంటి అసంపూర్తి వ్యవహారాన్ని 2006లో జనం వోట్లేసి మరీ జాతీయ చిత్రంగా గెలిపించారు. ఇదే పెద్దమనిషి మరో బొమ్మలో అస్థిపంజరాల చేత కుండీలకు నీళ్ళు పోయించాడని తెలిశాక నేను వాదన మానేశాను.

మారిమెక్కో బట్టల కంపెనీ యజమానురాలు పూల డిజైన్లు వద్దంటే, మైయా ఇసొలా 1964లో పళ్ళేలంత గసగసాల పూలు గీసిచ్చింది. క్రమశిక్షణ అంటే అదీ.

ఇక సువోముస్సల్మి దగ్గర రోడ్డు పక్క పొలంలో దాదాపు వెయ్యి దిష్టిబొమ్మలున్నాయి. తలలు గడ్డిపెళ్ళలు, ఒంటి మీద జనం ఇచ్చిన బట్టలు. కాపలా కాద్దామంటే పంట లేదు. నిలబెట్టిన రెయ్యో కేలా నాట్యాచార్యుడట. వెయ్యి మందిలో ఒక్కడూ అడుగు తీసి అడుగు వెయ్యడు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది పారిక్కల అనే ఊరు. కాగితపు మిల్లులో పనిచేసే వెయ్యో రొంక్కొనెన్, డ్యూటీ దిగి ఇంటికొచ్చి పెరట్లో సిమెంటు మనుషుల్ని పోశాడు. లెక్క 500 దాటింది. అందులో పెద్ద గుంపు యోగాసనాల్లో ఉంది, అవన్నీ ఆయన రూపాలే. మనవాళ్ళు జూన్ 21న ఫొటో అవగానే చాప చుట్టేస్తారు. వీళ్ళు మంచు నెత్తిన పడుతున్నా వేసిన ఆసనం తియ్యరు. దగ్గరికెళితే కొందరి సిమెంటు నోళ్ళలో నిజం మనిషి పళ్ళు. ఎవరివయ్యా ఇవి అని అడుగుదామంటే ఆయన 2010లోనే పోయాడు. వాళ్ళు మాత్రం పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు.