‘వన్స్ అపాన్ ఎ టైమ్’ కాపీ కథేనా? ‘ఫేబుల్స్’ ఆరోపణకు జవాబు

‘వన్స్ అపాన్ ఎ టైమ్’ సీరియల్ మొదటి సీజన్ గురించి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు రెండింటి పోస్టర్లూ పక్కపక్కన పెట్టి, మధ్యలో ఈక్వల్ గుర్తు గీసి ఈ ఆరోపణ ఎత్తుకుంటారు: 2002లో మొదలైన ‘ఫేబుల్స్’ కామిక్‌ని 2011లో అమెరికా టీవీ ఛానల్ ఏబీసీ మక్కికి మక్కి దించేసింది. రుజువులు కూడా వరసగా చెబుతారు. కథల్లోని పాత్రలు ఇప్పటి అమెరికాలో బతకడం రెండింట్లోనూ ఉంది. స్నోవైట్, ప్రిన్స్ చార్మింగ్, పినోకియో, తోడేలు అక్కడా ఇక్కడా ఉన్నారు. రెండు ఊళ్ల షెరిఫ్‌లకీ తోడేళ్లతో ఏదో లంకె ఉంది. అన్నిటికీ మించి, ఆ కామిక్‌ని సీరియల్‌గా తియ్యడానికి సిద్ధపడి మానేసింది కూడా ఇదే ఏబీసీ. ఇంకేం కావాలి అంటారు.

చెప్పిన వివరాల్లో అబద్ధం పెద్దగా లేదు. వాటి నుంచి తీసిన ముగింపే తప్పు. రెండూ చూడని వాళ్ల కోసం ముందు కథలు క్లుప్తంగా.

బిల్ విల్లింగ్‌హామ్ రాసిన ‘ఫేబుల్స్’ని డీసీ కామిక్స్ వాళ్ల వెర్టిగో ముద్ర కింద వేశారు. మొదటి విడత 150 సంచికలు నడిచి 2015లో ముగిసింది. ‘అడ్వర్సరీ’ అనే శత్రువు దండెత్తి కథాలోకాలను ఒక్కొక్కటే ఆక్రమిస్తే, బతికి బయటపడ్డ వాళ్లు న్యూయార్క్‌లో చాటుగా ‘ఫేబుల్‌టౌన్’ అనే పేట కట్టుకుని వందల ఏళ్లుగా కాపురం ఉంటారు. ఇక సీరియల్ సంగతి. ఎడ్వర్డ్ కిట్సిస్, ఆడమ్ హొరోవిట్జ్ సృష్టించారు. మొదటి ఎపిసోడ్ 2011 అక్టోబరు 23న వచ్చింది, మొదటి సీజన్‌లో 22 ఎపిసోడ్లు. దుష్టరాణి రెజీనా శాపం పెడితే కథాలోకపు జనమంతా మెయిన్ రాష్ట్రంలోని స్టోరీబ్రూక్ అనే ఊళ్లో వచ్చి పడతారు. తామెవరో వాళ్లకి గుర్తుండదు. 28 ఏళ్లు గడిచినా వయసు పెరగదు, ఊరి గడియారం 8:15 దగ్గర ఆగిపోయి ఉంటుంది. స్నోవైట్ కూతురు ఎమ్మా ఊళ్లో కాలుపెట్టాక గానీ ముల్లు కదలదు.

కాపీ ఆరోపణ పరీక్షించాలంటే మొదట చెయ్యాల్సిన పని తీసివేత. 1697 నాటి పెరో కథలు, 1812 నుంచి అచ్చయిన గ్రిమ్ సోదరుల కథలు, 1883 నాటి కొలోడీ ‘పినోకియో’ అందరి సొత్తు. వాటిలో ఉన్నదంతా రెండు వైపుల నుంచీ కొట్టెయ్యాలి. మిగిలింది ఆ రచయిత సొంతంగా వేసిన అతుకు. దొంగతనం దొరికితే అక్కడే దొరకాలి. పోస్టర్లు పక్కపక్కన పెట్టేవాళ్లు ఈ తీసివేత చెయ్యరు. అందుకే వాళ్లకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

“పాత్రలు నేటి ప్రపంచంలోకి రావడం అనే ఆలోచనే ఫేబుల్స్‌ది” అనేది మొదటి పాయింటు. కానే కాదు. 2000 ఫిబ్రవరిలో ఎన్‌బీసీలో ‘ది టెన్త్ కింగ్‌డమ్’ అనే మినీసిరీస్ వచ్చింది. అందులో న్యూయార్క్ ఉంది, దుష్టరాణి ఉంది, సగం తోడేలైన మనిషి ఒక అమ్మాయిని ప్రేమించడం కూడా ఉంది. ‘ఫేబుల్స్’ మొదటి సంచికకి అది రెండేళ్లు ముందు. ఈక్వల్ గుర్తు పెట్టేవాళ్ల లెక్క ప్రకారమే పోతే విల్లింగ్‌హామ్ కూడా దొంగే కావాలి. కాదని వాళ్లకీ తెలుసు. వేర్వేరు కథల జనాన్ని ఒక్కచోట కలిపి వాళ్ల మధ్య తగువులు పెట్టడం 1987లోనే ‘ఇన్‌టు ది వుడ్స్’ నాటకం బ్రాడ్వేలో చేసి చూపించింది.

మనకి ఇది వింతేం కాదు. యముడు నేటి మనుషులతో తలపడటం ‘యముడికి మొగుడు’లో (1988) ఉంది, ‘యమలీల’లోనూ (1994) ఉంది. మొదటిదాంట్లో పైలోకపు పొరపాటు వల్ల పోయిన మనిషి ఇంకొకడి ఒంట్లోకి తిరిగొస్తాడు. రెండోదాంట్లో యముడి పుస్తకం జారి కింద పడితే దాన్ని వెతుక్కుంటూ ఆయనే దిగి వస్తాడు. రెంటినీ ఒక్క కథ అని ఎవరైనా అంటే నవ్వుతాం.

రెండు కథలనీ నడిపే యంత్రం ఎక్కడ వేరో చూడండి. ‘ఫేబుల్స్’లో అందరికీ అన్నీ గుర్తే. పాత నేరాలు మాఫీ చేసే ఒప్పందం మీద సంతకం పెట్టి మరీ కలిసి బతుకుతుంటారు. తొలి అయిదు సంచికల కథ చూస్తే ఇది తెలుస్తుంది. స్నోవైట్ చెల్లెలు రోజ్ రెడ్ గది నిండా నెత్తురు, మనిషి లేదు. షెరిఫ్ బిగ్‌బీ విచారిస్తే తేలేదేమిటంటే, ఆమే ప్రియుడు జాక్‌తో కలిసి చావు నాటకం ఆడింది. డబ్బున్న బ్లూబియర్డ్‌ని పెళ్లాడతానని ఒప్పుకుని అతని దగ్గర సొమ్ము తీసుకుంది, అది జాక్ వ్యాపారంలో ఆవిరైపోయింది. ఇది నడవాలంటే అందరికీ అందరి చరిత్రా తెలిసి ఉండాలి. ఈ జనానికి మతిమరుపు శాపం తగిలిస్తే కేసే లేదు.

సీరియల్‌లో సరిగ్గా తిరగేసి ఉంటుంది. రెజీనాకి తెలుసు, మాయావి రంపుల్‌స్టిల్ట్‌స్కిన్‌కి ఎమ్మా పేరు వినగానే గుర్తొస్తుంది, ఎమ్మా కన్న కొడుకు, పదేళ్ల హెన్రీ కథల పుస్తకం చదివి నమ్ముతాడు. మిగతా ఊరికి ఏమీ తెలియదు. టీచరమ్మ మేరీ మార్గరెట్ తనే స్నోవైట్ అనీ, తన ఇంట్లో ఉంటున్న ఎమ్మా తన కడుపున పుట్టిన బిడ్డే అనీ తెలియకుండా బతుకుతుంటుంది. తల్లీకూతుళ్లది ఒకే ఈడు. మొదటి సీజన్ భావోద్వేగమంతా ఈ ఒక్క ఏర్పాటు మీద నిలబడింది. అందరికీ జ్ఞాపకం ఉంటే రెండో ఎపిసోడ్‌కే కథ అయిపోతుంది.

దాక్కోవడంలో కూడా తేడా ఉంది. ఫేబుల్‌టౌన్ జనం రోజువారీ బాధ బయటి మనుషుల కంట పడకుండా ఉండటం. మనిషి రూపం లేనివాళ్లు మంత్రం కొనుక్కుని వేషం మార్చాలి, అది ఖరీదు. కొనలేనివాళ్లని న్యూయార్క్ రాష్ట్రంలోనే ఊరి బయట ఉన్న ‘ఫార్మ్’కి తోలేస్తారు. రెండో కథలో అక్కడే తిరుగుబాటు లేస్తుంది. స్టోరీబ్రూక్‌లో ఈ వర్గపోరాటపు ఛాయలే లేవు. అక్కడి జనం ఎవరి నుంచీ దాక్కోవడం లేదు, ఊరు దాటబోతేనే ఏదో ఒక కీడు అడ్డుపడుతుంది.

“పాత్రలు అవే కదా” అనేది రెండో పాయింటు. పేర్లు అవే. విల్లింగ్‌హామ్ అతుకుల్లో మేలైనది స్నోవైట్‌కి రోజ్ రెడ్‌ని చెల్లెల్ని చెయ్యడం. గ్రిమ్ సంకలనంలో ఏడుగురు మరుగుజ్జుల స్నోవైట్ 53వ కథ. రోజ్ రెడ్ అక్క 161వ కథలోది, ఆమె వేరే స్నోవైట్. విల్లింగ్‌హామ్ ఆ ఇద్దరు స్నోవైట్‌లనీ ఒక్కరిని చేసి, అక్కచెల్లెళ్ల పగ మీద కామిక్ మొత్తం నడిపాడు. సీరియల్ మొదటి సీజన్‌లో స్నోవైట్‌కి చెల్లెలే లేదు. కాపీ కొట్టేవాడు ఇంత మంచి సరుకు వదిలేస్తాడా?

ప్రిన్స్ చార్మింగ్‌ది ఇంకా ఎదురు. స్నోవైట్, బ్రయర్ రోజ్ (స్లీపింగ్ బ్యూటీ), సిండరెల్లా ముగ్గురి కథల్లోనూ రాకుమారుడు ఉన్నాడు కాబట్టి ముగ్గురికీ ఒకే మాజీ మొగుణ్ని తగిలించాడు విల్లింగ్‌హామ్. ఆ మనిషి డబ్బులేని, సిగ్గులేని విలాసపురుషుడు, మరదలితోనే పట్టుబడి విడాకులు తెచ్చుకున్నాడు. సీరియల్ చార్మింగ్ అసలు రాకుమారుడే కాదు. గొర్రెలు కాసుకునే కుర్రాడు, చచ్చిపోయిన కవల సోదరుడి స్థానంలో కింగ్ జార్జ్ కూర్చోబెడతాడు. ఆరో ఎపిసోడ్‌లో ఇదంతా వస్తుంది.

బీస్ట్ విషయం ఇంతే. కామిక్‌లో బ్యూటీ, బీస్ట్ దెబ్బలాడుకునే పాత దంపతులు. పెళ్లాం మనసు విరిగితే ఆయనకి మళ్లీ కొమ్ములొస్తాయి. సీరియల్ 12వ ఎపిసోడ్ ‘స్కిన్ డీప్’లో బీస్ట్ ఎవరంటే రంపుల్‌స్టిల్ట్‌స్కిన్. ఈ అతుకు కిట్సిస్, హొరోవిట్జ్‌లది, ‘ఫేబుల్స్’లో జాడ లేదు. 15వ ఎపిసోడ్‌లో తోడేలు ఎవరో కాదు, ఎర్ర టోపీ పిల్లే. తన ప్రియుణ్ని తనే తిన్నానని తెల్లారాక తెలుస్తుంది. కామిక్‌లో తోడేలు బిగ్‌బీ. ఎర్ర టోపీ పిల్ల కథలోనిదీ, మూడు పందిపిల్లల కథలోనిదీ కలిసి ఒకే తోడేలు, ఇప్పుడు సిగరెట్ కాల్చే డిటెక్టివ్.

“షెరిఫ్‌కి తోడేలు లంకె” అనేది వినడానికి గట్టి పాయింటే. స్టోరీబ్రూక్ షెరిఫ్ గ్రాహంకి ఏడో ఎపిసోడ్‌లో రోడ్డు మీద తోడేలు కనిపిస్తుంది, పూర్వజన్మలాంటి ఆ జీవితంలో అతన్ని పెంచినవి తోడేళ్లే. కానీ అతను తోడేలు కాదు, స్నోవైట్‌ని చంపమని రాణి పంపిన వేటగాడు. గ్రిమ్ కథలో వేటగాడు జాలిపడి అడవిపంది ఊపిరితిత్తులు, కాలేయం తెచ్చి రాణిని నమ్మిస్తాడు. సీరియల్‌లో దుప్పి గుండె తెచ్చి ఇస్తాడు. ఈ రాణి నమ్మదు, అతని గుండెనే పెరికి పెట్టెలో పెట్టుకుంటుంది. స్టోరీబ్రూక్‌లో అతనికి అంతా గుర్తొచ్చిన రాత్రే ఆ గుండెని పిడికిట్లో నలిపి పిండి చేస్తుంది. ఏడో ఎపిసోడ్‌కే పోయే మనిషికీ, కామిక్ నాయకుల్లో ఒకడై స్నోవైట్‌నే పెళ్లాడే బిగ్‌బీకీ పోలిక షెరిఫ్ బిళ్ల ఒక్కటే.

ఆరోపించేవాళ్లు సాధారణంగా ఎత్తనిది, ఎత్తి ఉంటే కాస్త బరువుండేది పినోకియోని చెక్కిన జెపెట్టో సంగతి. రెండింట్లోనూ ఆ మంచి వడ్రంగి చాటున తప్పు చేసినవాడే. కామిక్‌లో ఆయనే అడ్వర్సరీ, కొయ్యబొమ్మల్ని రాజుల స్థానంలో పెట్టి సామ్రాజ్యాలేలినవాడు. సీరియల్ 20వ ఎపిసోడ్‌లో ఆయన తప్పు ఒక అబద్ధం. శాపం నుంచి తప్పించే మాయ అలమరాలో నిజానికి ఇద్దరు పడతారు, కానీ ఒక్కరే పడతారని చెప్పించి, రెండో చోటు కొడుక్కి ఇప్పించుకుంటాడు. దాంతో నిండు గర్భిణి స్నోవైట్‌కి చోటు పోతుంది, పసిబిడ్డ ఎమ్మా తల్లి లేకుండా పెరుగుతుంది. పోలిక ఉంది, ఒప్పుకోవాలి. అయితే ఒకరిది రాజ్యకాంక్షగా మారిన అలవాటు, ఇంకొకరిది ఒక్క రాత్రి తండ్రి స్వార్థం. ఆ కొడుకుల కష్టాలు కూడా ఎదురెదురు. కామిక్ పినోకియో వందల ఏళ్లయినా పెద్దవాడు కాలేక ఏడుస్తాడు, సీరియల్ పినోకియో ఆగస్ట్ పెద్దవాడై, ఇచ్చిన మాట తప్పి, కాలి నుంచి మళ్లీ కొయ్యబారుతుంటాడు.

ఇక అసలు అనుమానం: ఏబీసీ. ‘ఫేబుల్స్’ ఆధారంగా పైలట్ (నమూనా ఎపిసోడ్) తియ్యాలని ఏబీసీ 2008లో పూనుకున్న మాట నిజం, అది ముందుకు సాగలేదు. అనుమానం రావడంలో తప్పులేదు. దీనికి అభిమానులు చెప్పే జవాబు బలహీనం. ‘లాస్ట్’ అనే సీరియల్‌కి రాయడంలో చేరకముందే, 2004లోనే ఈ ఆలోచన ఛానళ్లకి వినిపించామని కిట్సిస్, హొరోవిట్జ్ చెప్పారు కదా అంటారు. 2004 కూడా 2002 తర్వాతే! పైగా ‘ఫేబుల్స్’ సంచికలు ఒకటి రెండు చదివామని వాళ్లే ఒప్పుకున్నారు. కాబట్టి ‘చూడలేదు’ అనే వాదన నిలబడదు, అవసరమూ లేదు.

అమెరికా కోర్టుల్లో కాపీ తేల్చడానికి రెండు కావాలి: అసలు రచన అందుబాటులో ఉండటం, రక్షణ ఉన్న భాగంలో గణనీయమైన పోలిక. మొదటిది ఎంత గట్టిగా ఉన్నా రెండోది లేకపోతే కేసు లేదు. ఆలోచనకి కాపీరైట్ ఉండదు, దాన్ని రాసిన తీరుకే ఉంటుంది. మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పిందీ అదే. ఇతివృత్తం ఒకటైనా చెప్పిన తీరు వేరైతే ఉల్లంఘన కాదని.

ఈ సీజన్ ఎవరికి బాకీ పడిందో తెలుసుకోవాలంటే దూరం పోనక్కర్లేదు. కిట్సిస్, హొరోవిట్జ్ ‘లాస్ట్’ రచయితలు. ఒక ఎపిసోడ్‌కి ఒక మనిషిని పట్టుకుని ఇప్పటి కథనీ గతాన్నీ మార్చి మార్చి చూపించే పద్ధతి అక్కడిదే. గడియారం 8:15 కూడా అందులో కూలిన విమానం నంబరే. బెల్‌గా (అంటే బ్యూటీగా) వేసిన ఎమిలీ డి రావిన్, కింగ్ జార్జ్‌గా వేసిన అలన్ డేల్ ఇద్దరూ ‘లాస్ట్’ నటులు. రెండో బాకీ డిస్నీకి, అంటే ఏబీసీ యజమానికే. గ్రిమ్ కథలో మరుగుజ్జులకి పేర్లు లేవు, సీరియల్ వాడుకున్న గ్రంపీ అన్న పేరు 1937 డిస్నీ సినిమాలోది. పినోకియో కథలోని కీచురాయికి జిమినీ క్రికెట్ అన్న పేరు కూడా డిస్నీదే. కొలోడీ పుస్తకంలో ఆ కీచురాయికి పేరు లేదు, పినోకియో సుత్తి విసిరితే చచ్చిపోతుంది. సొంతింటి సామాను ఇంత బాహాటంగా వాడుకున్న సీరియల్‌ని పక్కింట్లో దొంగతనం చేసిందనడమే విడ్డూరం.

నమ్మకం కుదరనివాళ్లు పోస్టర్లు వదిలేసి ‘ఫేబుల్స్’ 1 నుంచి 5 సంచికలు, సీరియల్‌లో 1, 7, 15, 20 ఎపిసోడ్లు తీసుకోండి. కాగితం మీద రెండు గళ్లు గీసి, గ్రిమ్, పెరో, కొలోడీలలో లేని సంఘటనలు మాత్రమే రాయండి. పేర్లు రాయొద్దు, ఎవరు ఎవరికి ఏం చేశారు, ఎందుకు చేశారు అన్నదే రాయండి. తర్వాతి సీజన్లు కలపకండి. 150 సంచికలకీ 155 ఎపిసోడ్లకీ మధ్య వెతికితే ఎవరికైనా ఏదో ఒక పోలిక దొరుకుతుంది.