క్యాపిటల్ లెటర్ మర్యాద కోసం పెట్టేది కాదు

అమలాపురం, భీమవరం వైపు బడిపిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇంగ్లీషులో ముఖ్యమైన మాటలన్నీ క్యాపిటల్ లెటర్‌తో మొదలవ్వాలట. అమ్మ, నాన్న, టీచరు, కలెక్టరు, నది, దిక్కు, రుతువు, వీటిలో దేన్ని చిన్నక్షరంతో రాసినా అగౌరవమట. అర్జీ అయితే మొత్తం క్యాపిటల్స్‌లోనే ఉండాలట. ఇంగ్లీషువాళ్ల పాత పుస్తకాలే ఇందుకు సాక్ష్యమట. పిల్లలు ఇది నమ్మితే పరీక్షలో మార్కులు పోతాయి. అందుకే ఒక్కోదానికీ జవాబు చెబుతున్నాను.

అసలు పొరపాటు ఆ గౌరవం దగ్గరే ఉంది. తెలుగు లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అనే తేడా లేదు. మర్యాదను ‘గారు’తో, ‘వచ్చారు’ లాంటి క్రియతో చూపిస్తాం. ఇంగ్లీషు క్యాపిటల్ ఆ పని చెయ్యదు. ఇది ఫలానావాళ్ల సొంత పేరు అని చెప్పడమే దాని ముఖ్యమైన పని. అందుకే దొంగ పేరైనా పెద్దక్షరంతోనే మొదలవుతుంది. ఎదురుగా ఉన్నది కలెక్టరు గారే అయినా, వాక్యం మధ్యలో ‘యూ’కి చిన్నక్షరమే. ‘మై మదర్’ అన్నప్పుడు చిన్న ఎమ్ పెడతాం. ‘మై’ తీసేసి, అమ్మని పిలుస్తున్నట్టు ‘మదర్’ అని రాస్తే అది పేరులా నిలబడుతుంది, అప్పుడు పెద్ద ఎమ్. తల్లి మీద ప్రేమ రెండు చోట్లా ఒకటే.

పదవుల సంగతి కాస్త చిక్కే. సర్ ఆర్థర్ కాటన్ అన్నప్పుడు ‘సర్’ పేరులో కలిసిపోయింది కాబట్టి పెద్దక్షరం తప్పదు. ఆయన ఇంజనీరు అని రాసేటప్పుడు ఇంజనీరుకి అక్కర్లేదు. అర్జీ పైన ‘ది కలెక్టర్’ అని రాస్తే పెద్దక్షరమే. ఆఫీసు కాగితాల్లో పదవులకి అంతటా అలా పెట్టడం ఆనవాయితీ, దాన్ని తప్పనను. అది చూపించి టీచరు, డ్రైవరు, రైతు అన్నిటికీ అంటగట్టడమే తప్పు.

‘ఈస్ట్ గోదావరి’ జిల్లా పేరు, కాబట్టి ఈస్ట్‌కి పెద్దక్షరం. సూర్యుడు ఉదయించే ఈస్ట్‌కి చిన్నది చాలు. ‘గోదావరి రివర్’ అని కలిపి పేరుగా రాస్తే పెద్ద ఆర్, వరదొచ్చి ‘ది రివర్’ పొంగిందంటే చిన్న ఆర్. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పేర్లు గనుక ఎప్పుడూ పెద్దక్షరమే. ఆత్రేయపురం పూతరేకులు తిన్నామని రాస్తే ఊరికి పెద్దది, పూతరేకులకి చిన్నది. రుతువులు ఇంకా తేలిక: సమ్మర్, వింటర్ చిన్నవి, జనవరి, మండే, సంక్రాంతి పెద్దవి.

పాత పుస్తకాల మాట సగం నిజం. 17, 18 శతాబ్దాల ఇంగ్లీషు అచ్చులో మామూలు నామవాచకాలకి కూడా క్యాపిటల్స్ విరివిగా పెట్టేవారు. 1787 నాటి అమెరికా రాజ్యాంగం రాతప్రతిలోనూ అవి కనిపిస్తాయి. జర్మన్ భాషలో నామవాచకాలకి ఇప్పటికీ అదే నియమం. ఇంగ్లీషులో మాత్రం ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైన 1847 నాటికే ఆ పద్ధతి పాతబడిపోయింది.

ఇక అర్జీ మొత్తం క్యాపిటల్స్‌లో రాయడం. ఫారాల్లో గళ్లు ఇచ్చి అలా రాయమనేది గొలుసుకట్టు రాత కాకుండా అక్షరాలు విడివిడిగా తెలియాలని. ఉత్తరమంతా అలాగే రాస్తే ఏది పేరో ఏది మామూలు మాటో కంటికి ఆనదు. ఫోన్ మెసేజ్‌లో అయితే అరుస్తున్నట్టు అనిపిస్తుంది. మర్యాద చూపించడానికి ‘రెస్పెక్టెడ్ సర్’ ఉంది, ‘ప్లీజ్’ ఉంది. చివర్లో రాసే ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’లో కూడా మొదటి మాటకే పెద్దక్షరం, రెండోదానికి చిన్న ఎఫ్.