ప్రిన్సిపాళ్ల పటాల్లో కనిపించని బడి చరిత్ర

మన దగ్గర ఏ మిషన్ బడి జూబిలీ సావనీరు తిరగేసినా వరస దాదాపు ఒకటే. మేత్రాణుల (బిషప్) సందేశం, ఎమ్మెల్యే సందేశం, ఆ వెనక ప్రిన్సిపాళ్ల ఫొటోలు, కింద వాళ్లు పనిచేసిన సంవత్సరాలు, ఎవరి హయాంలో ఏ బ్లాకు కట్టారన్న లెక్క, చివర పదో తరగతి ఫలితాలు. కాజీపేట ఫాతిమానగర్‌లోని సెయింట్ గాబ్రియేల్స్ హైస్కూల్‌కు 2030లో 75 ఏళ్లు నిండుతాయి. అప్పుడు వచ్చే పుస్తకం కూడా ఇదే అచ్చులో పోతపోస్తే, వరంగల్ పట్టణ చరిత్రలో ఒక ముఖ్యమైన ముక్క రాయకుండానే మిగిలిపోతుంది.

ఆ బడి పుట్టిన కాలం చూడండి. హైదరాబాద్ మేత్రాసనం (ఒక బిషప్ కిందికొచ్చే ప్రాంతం) నుంచి 1952 డిసెంబరులో వరంగల్ మేత్రాసనం వేరుపడింది. తొలి మేత్రాణులు అల్ఫోన్సో బెరెట్టా ఇటలీ మిషనరీ. మూడేళ్లు తిరక్కముందే, 1955లో, మోంట్‌ఫోర్ట్ బ్రదర్స్ మగపిల్లల కోసం ఈ బడి తెరిచారు. పోలీస్ యాక్షన్ జరిగి ఏడేళ్లు. ఉర్దూలో చదువు చెప్పిన సర్కారు హైస్కూళ్లు తెలుగుకు మళ్లుతున్న రోజులు. ఇంకోపక్క కాజీపేట జంక్షన్‌కు బదిలీల మీద వచ్చే రైల్వే కుటుంబాలు. 1959లో ఆర్‌ఈసీకి (ఇప్పటి ఎన్‌ఐటీ ఇంజనీరింగ్ కాలేజీ) నెహ్రూ శంకుస్థాపన చేశారు, కాకతీయ మెడికల్ కాలేజీ కూడా ఆ ఏడాదే మొదలైంది. తమిళనాడు నుంచో బెంగాల్ నుంచో వచ్చిన ఉద్యోగి తన కొడుకును ఏ బడిలో వేయాలి? ఇంగ్లిషు మీడియానికి ఇక్కడ గిరాకీ పుట్టింది ఆ అవసరంలోంచి. తెల్లదొరల మోజు అని తేల్చేస్తే కథ సగమే చెప్పినట్టు.

బ్రదర్స్ ఎవరన్నది కూడా చాలామంది తల్లిదండ్రులకు తెలియదు, అందరినీ ఫాదర్ అనే పిలుస్తారు. ఫాదర్‌కు విచారణ (ఒక గుడి, దాని కిందికొచ్చే ఊళ్లు) ఉంటుంది, పూజ చెప్పాలి, పెళ్లిళ్లు, చావులు చూసుకోవాలి. బ్రదర్ పూజ చెప్పరు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్టులతో (ప్రమాణాలతో) మఠంలో ఉంటారు, బడే ఆయన పని. ఈ బ్రదర్స్ సభకు (మఠ సంఘానికి) మూలపురుషుడు లూయీ మరీ ద మోంట్‌ఫోర్ట్ (1673–1716) ఫ్రాన్స్‌లోని లా రొషెల్‌లో పేదపిల్లలకు ఫీజు లేని బడులు పెట్టించాడు. ఆ సభవాళ్లు పాండిచ్చేరిలో దిగింది 1903లో. ఫీజు లేని బడితో మొదలైన సభ ఫీజు బడి నడపాల్సి రావడం వెనక జీతాల లెక్కలున్నాయి, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ మొదలు ఏమిటో సావనీరులో ఒక్క పేరా అయినా ఉండాలి.

అసలు సంగతి ఏమిటంటే బ్రదర్స్ బదిలీ మీద వస్తారు, కొన్నేళ్లుండి పోతారు. ముప్పై ఏళ్లు అదే బోర్డు మీద లెక్కలు చెప్పేది మామూలు సార్లు. గంట కొట్టే అటెండరు, లెడ్జరు రాసే గుమస్తా, పీఈటీ సారు ఒక ప్రిన్సిపాల్ వెళ్లి ఇంకొకరు వచ్చే మధ్యలో బడి పద్ధతి చెడకుండా మోస్తారు. సంప్రదాయం అంటే వీళ్లకు తెలిసిన పని. వీళ్లు రిటైరైతే ఆ పని తెలిసినవాళ్లు ఉండరు, ఎందుకంటే ఎవరూ రాసిపెట్టలేదు.

స్పోర్ట్స్ డేనే తీసుకోండి. చాలా బడుల గ్రౌండులో 400 మీటర్ల ట్రాక్ పట్టదు, 200 మీటర్లది సున్నంతో గీస్తారు. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. ఒక రౌండు పరుగులో బయటి లేన్ పిల్లవాడిని ఎంత ముందు నిలబెట్టాలన్నదే చిక్కు. పుస్తకాల్లో రెండో లేన్‌కు 7.04 మీటర్లు, ఆపై ప్రతి లేన్‌కు ఇంకో 7.67 కలపాలని ఉంటుంది. ఆ 7.04 లోపలి అంచుకు గట్టు కట్టిన ట్రాక్‌కు వర్తిస్తుంది. గట్టుంటే మొదటి లేన్ కొలత అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో తీస్తారు, ఉత్త గీతయితే 20 సెంటీమీటర్లలో. సున్నం గీతల గ్రౌండులో రెండో లేన్ నుంచే ప్రతి లేన్‌కూ లోపలి లేన్ కన్నా 7.67 ఎక్కువ ఇవ్వాలి. పట్టిక చూసి గుడ్డిగా 7.04 ఇచ్చారా, రెండో లేన్ నుంచి బయటి పిల్లలందరూ మొదటి లేన్ పిల్లవాడికన్నా 63 సెంటీమీటర్లు ఎక్కువ పరిగెత్తాలి. 200 మీటర్ల పందెంలో ఓడటానికి అది చాలు. పాత పీఈటీలకు ఇది నోటికొచ్చు.

మార్చ్‌పాస్ట్ సంగతీ అంతే. నిమిషానికి 120 అడుగులు, అడుగుకు 30 అంగుళాలు. ఎడమకాలు పడేటప్పుడు పెద్ద డ్రమ్ము మోగాలి. బ్యాండును వేదిక పక్కన ఒక మూలకు నిలబెడితే, 70 మీటర్ల అవతల నడిచే హౌస్‌కు (పోటీలకు పిల్లల్ని పంచిన జట్టు) డ్రమ్ము దెబ్బ సెకనులో అయిదోవంతు ఆలస్యంగా అందుతుంది. అడుగుకూ అడుగుకూ మధ్య ఉండేదే అరసెకను. వరస చివర అడుగు తప్పుతోందని పిల్లల్ని తిట్టి ఏం లాభం? బ్యాండును గ్రౌండు నడుమ పెడితే సరిపోతుంది.

హౌస్‌ల పంపకంలోనూ తెలివి ఉంది. సెక్షన్‌కొక హౌస్ ఇస్తే అది క్లాసుల కొట్లాట అయిపోతుంది, క్లాస్ టీచర్లు కూడా దిగుతారు. ప్రతి సెక్షన్‌లోనూ నాలుగు హౌస్‌ల పిల్లలుండాలి, అన్నదమ్ములు ఒకే హౌస్‌లో ఉండాలి, మధ్యలో చేరినవాళ్లను ఎక్కడ తక్కువుంటే అక్కడ వేయాలి. అప్పుడే ఆరో తరగతి పిల్లవాడికి పదో తరగతి అన్నతో పరిచయం కలుగుతుంది. హన్మకొండలో వీధికొకటి వెలిసిన కార్పొరేట్ స్కూళ్లు టై, బ్యాడ్జి, హౌస్ పేర్లు అన్నీ ఎత్తుకొచ్చాయి. గ్రౌండు ఒక్కటే తేలేదు. పోనీ మిషన్ బడులైనా నిలబడుతున్నాయా అంటే అదీ లేదు. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ కావాలని తల్లిదండ్రులు పట్టుబడుతుంటే ముందు పోయేది పీటీ పీరియడే. సంక్రాంతి దాటాక పదో తరగతి పిల్లలకు గ్రౌండు మొహం చూసే తీరికుండదు.

రెండో వేటు మోరల్ సైన్స్ మీద. కథోలిక పిల్లలకు సత్యోపదేశం (వాళ్ల మతబోధ), మిగతావాళ్లకు నీతిబోధ జరగాల్సిన పీరియడ్ అది. గుర్తింపు పొందిన ఏ బడిలోనైనా తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) చెబుతోంది. 2024లో కథోలిక బిషప్‌ల సంఘం కూడా ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దవద్దని, అసెంబ్లీలో రాజ్యాంగ ప్రవేశిక చదివించాలని తన బడులకు సూచించింది. ఆచరణలో తిరకాసు టైంటేబుల్ దగ్గర. సెక్షన్‌కు ముగ్గురో నలుగురో కథోలిక పిల్లలుంటారు, వాళ్లను ఒకచోట చేర్చాలంటే ఆ తరగతి సెక్షన్లన్నిటికీ ఆ పీరియడ్ ఒకే సమయంలో పడాలి. టైంటేబుల్ వేసేవాళ్లు అది పట్టించుకోకపోతే ఆ పీరియడ్ యూనిట్ టెస్టులకు పోతుంది.

వీటన్నిటికన్నా బరువైన ప్రశ్న హాస్టల్. వరంగల్ మేత్రాసనంలో కథోలికులు ఎక్కువగా పల్లెల దళిత కుటుంబాలవాళ్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్సీలకిచ్చే రిజర్వేషన్ వాళ్లకు దక్కదు. పల్లె విచారణ నుంచి ఫాదర్ ఉత్తరం పట్టుకొచ్చిన పిల్లవాడికి పట్నం బడిలో చదివే దారి మిషన్ హాస్టలే. అది మూతపడితే బడి పేరులో సెయింట్ మిగులుతుంది గానీ, లోపల ఉండేది డాక్టర్ల, కాంట్రాక్టర్ల పిల్లలే. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీ విద్యాసంస్థలకు రక్షణ ఇచ్చింది. విద్యాహక్కు చట్టం వాటికి వర్తించదని, అంటే 25 శాతం పేదల సీట్ల నిబంధన కూడా ఉండదని 2014లో సుప్రీంకోర్టు ధర్మాసనం ప్రమతి కేసులో చెప్పింది. ఆ తీర్పు సరైనదేనా అని 2025 సెప్టెంబరులో ఇద్దరు జడ్జీల బెంచ్ సందేహం తెలిపి, పెద్ద ధర్మాసనానికి వదిలింది. కోర్టు ఏం తేల్చినా, మైనారిటీ పేరుతో మినహాయింపు వాడుకునే ప్రతి బడీ తమ మైనారిటీ పేదలు ఎందరు చదువుతున్నారో ఏటా బయటపెట్టడం న్యాయం. తెలుగులో మాట్లాడితే జరిమానా వేసిన రోజులనూ దాచకుండా రాయాలి, అదీ చరిత్రే.

ఇవన్నీ రాయడానికి ఆధారం ఎక్కడుంటుంది? ఆఫీసు బీరువాలో, అడ్మిషన్ రిజిస్టర్లో. తండ్రి వృత్తి, మాతృభాష, కులం, మతం, ఊరు, ఏ బడి నుంచి వచ్చాడు, టీసీ ఎప్పుడు తీసుకున్నాడు అన్న గడులు దశాబ్దాల వారీగా కూడితే రైల్వే కాలనీ ఎప్పుడు పెరిగిందో, వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుల పిల్లలు ఎప్పుడు తగ్గారో తెలుస్తుంది. పుట్టినరోజు రుజువుకు కావాలి గనక ఈ రిజిస్టర్‌ను పారేయరు, కానీ చెదలు, వానతేమ దాన్ని వదలవు. బీరువాను గోడకు అరడుగు ఎడంగా, ఇటుకల మీద ఎత్తి పెట్టాలి. తడిసిన పేజీలను ఎండలో పెట్టొద్దు, మధ్య మధ్య అద్దుడు కాగితం పెట్టి నీడన ఆరబెట్టాలి. లామినేషన్ అసలు వద్దు, ఆ ప్లాస్టిక్‌ను మళ్లీ ఊడదీయలేం. బైండింగు విప్పకుండా పైనుంచి ఫొటోలు తీసి, పేర్లు బయటికి పోకుండా అంకెలు మాత్రమే కూడాలి. రిటైరైన సార్లను, అటెండర్లను కూర్చోబెట్టి రికార్డు చేయడం ఇంకా తొందరగా జరగాలి. ఈ పని వేసవి సెలవుల్లో మొదలుపెట్టాలి, జూన్‌లో అడ్మిషన్లు తెరిచాక గుమస్తాకు తలెత్తే తీరికుండదు.