పద్దెనిమిది నిండిన మర్నాడు ఎక్కడికి?

2018 జూలై చివర్లో రాచకొండ పోలీసులు యాదగిరిగుట్టలోని వ్యభిచార గృహాల మీద దాడి చేసి, మొదటి విడతలో పదకొండు మంది బాలికలను బయటికి తెచ్చారు. వాళ్ళలో ఏడేళ్లు కూడా నిండని పసివాళ్ళున్నారు. తొందరగా ఎదగాలని హార్మోన్ ఇంజెక్షన్లు పొడిచారన్న వార్త చదివి అప్పట్లో అందరం అవాక్కయ్యాం. తర్వాత మర్చిపోయాం. ఆ ఏడాది పదేళ్లున్న పిల్లకు 2026లో పద్దెనిమిది నిండుతాయి. అంటే ఆమె ఎక్కడ ఉండాలో నిర్ణయించే బాలల సంక్షేమ కమిటీ అధికారం అక్కడితో సరి. పిల్లల్ని ఉంచే హోమ్‌లో ఆమె మంచం ఇంకొకరికి కావాలి.

చట్టంలో దీనికి దారి లేకపోలేదు. జువెనైల్ జస్టిస్ చట్టం (2015) 46వ సెక్షన్, హోమ్ నుంచి బయటికొచ్చే వాళ్ళకు ఆర్థిక సాయం 'ఇవ్వవచ్చు' అంటుంది. 2016 నాటి నిబంధనలు ఇంకాస్త ముందుకెళ్ళాయి. 21 ఏళ్ల దాకా, మరీ అవసరమైతే 23 దాకా ఆఫ్టర్ కేర్, అంటే హోమ్ వదిలాక అందే ఆసరా. ఆరుగురి నుంచి ఎనిమిది మంది కలిసుండే ఇళ్లు. శిక్షణలో ఉన్నన్నాళ్ళు స్టైపెండ్. చదవడానికి బాగుంది. కానీ మూలచట్టంలో ఉన్నది 'ఇవ్వాలి' కాదు, 'ఇవ్వవచ్చు'. నిధుల్లేవని అధికారి చేతులెత్తేస్తే అడిగే హక్కు ఆ పిల్లకు గట్టిగా లేదు. నా దృష్టిలో రోగం ఆ ఒక్క మాటలోనే ఉంది.

పిల్లల రక్షణకున్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ఆఫ్టర్ కేర్‌కు నెలకు 4,000 రూపాయలు. హైదరాబాద్ అమీర్‌పేటలో ఆ డబ్బుతో షేరింగ్ బెడ్ దొరకడమే గగనం. పోనీ దొరికిందే అనుకుందాం. గది చూపించే ఆంటీ అడిగే మొదటి ప్రశ్న, 'అమ్మానాన్న ఏ ఊళ్ళో ఉంటారమ్మా?' రెండోది ఆధార్ జిరాక్స్. అందులో అడ్రసు కేరాఫ్ ఫలానా హోమ్ అని ఉంటే ఇక చెప్పేదేముంది, గది అప్పుడే ఎవరికో ఇచ్చేశామంటారు.

మామూలు అనాథకూ ఈ తిప్పలు తప్పవు. ట్రాఫికింగ్ (మనుషుల అక్రమ రవాణా) నుంచి బయటపడ్డ అమ్మాయికి ఇంకో చిక్కుంది. 'ఇంటికి పంపించాం' అని ఫైలు మూసేస్తే, ఆ ఇంట్లోవాళ్ళే ఆమెను అమ్మి ఉండొచ్చు. ఆమె తన కేసులో సాక్షి కూడా. విచారణ ఏళ్ల తరబడి సాగుతుంది. ఒంటరిగా, అద్దె కట్టలేని స్థితిలో ఉన్న సాక్షిని అవతలి పక్షం వాళ్ళు వెతుక్కుంటూ రావడానికి ఎంతసేపు? అందుకే ఇక్కడ ఇల్లు సంక్షేమ శాఖ గొడవే కాదు, పోలీసులు, ప్రాసిక్యూటర్లు కూడా పట్టించుకోవాల్సిన సంగతి.

అలాగని మరో మూడేళ్లు హోమ్‌లోనే పెట్టి తాళం వేస్తామంటే ఒప్పుకోకూడదు. మేజర్లయిన మహిళలను వాళ్ళ ఇష్టానికి వ్యతిరేకంగా రక్షణ గృహాల్లో ఉంచిన కేసులు సమీక్షించి విడుదల చేయాలని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో 2008 చట్టం తర్వాత రాష్ట్రాలు కోరుకుంటే ఫోస్టర్ కేర్‌ను (సొంతవాళ్ళు చూసుకోలేని పిల్లలకు ప్రభుత్వం ఏర్పాటు చేసే సంరక్షణను) 21 దాకా పొడిగించే వీలొచ్చింది. కాలిఫోర్నియాలో అమ్మాయి తనే గది చూసుకుంటే నెల డబ్బు నేరుగా ఆమె చేతికే రావచ్చు, కేస్ వర్కర్ నెలనెలా వచ్చి చూసి వెళ్తారు. అక్కడా అద్దెలు మండిపోతున్నాయి, అది వేరే సంగతి. తాళంచెవి ఆమె దగ్గర, పలకరించే మనిషి అందుబాటులో. ఆ రెండూ కలిసుండటం నాకు నచ్చింది.

మనకు కొత్త పథకమేమీ అక్కర్లేదు. 'ఇవ్వవచ్చు'ను 'ఇవ్వాలి' చేయాలి. ఆరేడుగురుండే ఇళ్లను మహిళా శిశు సంక్షేమ శాఖ తన పేరిటే అద్దెకు తీసుకుని, అడ్వాన్సు కూడా తనే కట్టాలి. పద్దెనిమిది నిండకముందే ఆధార్‌లో అడ్రసు మార్పించాలి. ఆ ఇంటి గుమ్మం మీద మాత్రం శాఖ బోర్డు పెట్టొద్దు.