తీసినవాడు తప్ప అందరూ హక్కుదారులే

మా తిరుపతి పాత ఫొటోల వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య రాజ్యాంగ సంక్షోభం తలెత్తింది. గోవిందరాజస్వామి గోపురం, కింద రెండు జట్కా బండ్లు, గొడుగు పట్టుకున్న ఒక పెద్దాయన. నలుపు తెలుపు ఫొటో. ఆ పెద్దాయన మొహం మీద అడ్డంగా 'తుడా అప్రూవ్డ్ ప్లాట్లు' అని (తుడా అంటే మా పట్టణాభివృద్ధి సంస్థ) వాటర్‌మార్కు, పక్కనే సెల్ నంబరు. మర్నాడు ఇంకొకాయన ఆ నంబరు కత్తిరించి, తన పేరు అచ్చేసి, అదే ఫొటో పెట్టాడు. ఇక మొదలు.

"నా ఫొటో దొంగతనం చేసినావు!"

"నువ్వు తీసినావా సామీ?"

"తీసినోడు ఎప్పుడు పొయ్యినాడో ఏమో, పెట్టినోణ్ని నేను గదా!"

ఈ మాటకు అందరూ నవ్వారు గానీ నాకు సబబుగానే తోచింది. తీసినవాడు చేసిన ఘనకార్యం ఏముంది? గాజు పలకలు, మూడుకాళ్ల స్టాండు బండిలో వేసుకొచ్చి, ఎండలో నల్లగుడ్డ కింద తల దూర్చి, కదలొద్దని జనాన్ని బతిమాలి, లెన్స్ మూత ఒకసారి తీసి పెట్టాడు. అంతేగా? ఇంటర్నెట్టు వచ్చాక ఆ ఫొటోను మోస్తున్నది ఎవరు? పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా పది గ్రూపులకు పంపుతున్నది ఎవరు?

చట్టం ఇవన్నీ అర్థం చేసుకోదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో మీద హక్కులు తీసినవాడు బతికున్నంత కాలం, ఆయన పోయాక మరో 60 ఏళ్లు. ఆ తర్వాత అది అందరి సొత్తు. అందరి సొత్తయ్యాక ఎవరో ఒకరు కబ్జా చేయకపోతే ఎలాగని మనవాళ్ల ఆవేదన. స్కాన్ చేసినాయన తన శ్రమకూ హక్కు కావాలంటాడు. వట్టి శ్రమ చాలదు, కాస్తయినా సృజన ఉండాలని 2007లో సుప్రీంకోర్టు వేరే కేసులో చెప్పిందని ఒక కుర్ర లాయరు గుర్తు చేశాడు. వెంటనే ఇంకొకాయన సృజన చూపించాడు. ఫోన్లో యాప్ పెట్టి రంగులద్దాడు. పెద్దాయన పంచె గులాబీ రంగుకు తిరిగింది, గుర్రం ఊదా అయింది.

తీసినవాళ్లే తమ ఫొటోలను అందరూ వాడుకోమని వదిలే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల నియమాలు మరీ చాదస్తం. తీసినవాడి పేరు చెప్పాలట, లైసెన్సు ఏదో చెప్పాలట, మార్పులు చేస్తే అదీ చెప్పాలట. ఇంత చాకిరీ ఎందుకని మనం ఎప్పుడో 'సేకరణ' అని ఒక్క ముక్క రాసి దులిపేసుకున్నాం.

పాతకాలం వాళ్లకు ఈ తెలివి లేదు. తిరుమల గుడి గోడల మీద శాసనాలు చూడండి. ఏ ఊరి ఆదాయం ఎవరిచ్చారు, దాంతో ఏ నైవేద్యం పెట్టాలి, మిగిలిన ప్రసాదంలో ఎవరి వాటా ఎంత, అన్నీ చెక్కారు. చాలావాటి చివర, ఇది రాసింది గుడి కరణం తిరునిన్రవూరుడైయాన్ అని అది కూడా చెక్కారు! రాసిన గుమాస్తాకు కూడా క్రెడిట్. ఎంత రాయి వృథా! 'సేకరణ' అని కొట్టేసి వెళ్లిపోతే ఉలికి పని తగ్గేది కదా.

ఇక తేదీల సంగతి. '1890లో తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు' అని ఒక ఫొటో తిరుగుతోంది. మొదటి ఘాట్ రోడ్డు వచ్చింది 1944లో అని చెబితే, "దేవుడి విషయంలో కూడా లెక్కలేనా అన్నా?" అని నన్నే నిలదీశారు.

ఒక్క ఫొటో దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. తిరుమల గుడి ఎదుట ఉండిన వేయికాళ్ల మండపాన్ని 2003లో పడగొట్టారు. అది నిలబడి ఎలా ఉండేదో చూడాలంటే ఇప్పుడు పాత ఫొటోలే గతి. ఎవరు, ఏ ఏడాది, ఏ వైపు నుంచి తీశారో తెలిస్తే అది సాక్ష్యం. తెలియకపోతే గుడ్ మార్నింగ్ బొమ్మ. మా గ్రూపులో ఆ మండపం ఫొటోలకు కొదవ లేదు. కింద ఈ వివరాలే ఉండవు. 'మిస్ యూ' అని ఉంటుంది, దండాలు పెట్టే బొమ్మలతో.

సరే, గోపురం తగాదాకు వద్దాం. చివరికి అడ్మిన్ రాజీ కుదిర్చాడు. పెట్టినాయన, కత్తిరించినాయన, స్కాన్ చేసినాయన, రంగులేసినాయన, అందరి పేర్లూ గోపురం మీదే, అంతస్తుకు ఒకరు చొప్పున. పై అంతస్తు ఎవరికన్నది ఇంకా తేలలేదు. ఈలోగా ఒక అమాయకుడు, ఒరిజినల్ వెనకవైపు స్టూడియో ముద్ర ఉండేదేమో, ఆ పేరు కూడా ఓ మూల వేద్దామన్నాడు. స్కాన్ చేసినాయనకు ఫొటో తిప్పి చూడాలన్న ఆలోచనే రాలేదట.

అడ్మిన్ కాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు: "ఆయన నంబరు ఉంటే గ్రూపులో యాడ్ చేయండి, చూద్దాం."