కొలిచి చూస్తేనే బయటపడే వివక్ష

1990ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో జీవశాస్త్ర ప్రొఫెసర్ నాన్సీ హాప్‌కిన్స్ ల్యాబ్‌కి ఇంకాస్త చోటు కావాలని అడిగారు. ఇవ్వలేదు. తనకున్న జాగా తక్కువంటే నమ్మేవాళ్లూ లేరు. టేపు పట్టుకుని తోటివారి ల్యాబ్‌లు ఆవిడే కొలిచారు. తన తర్వాత చేరిన మగ ప్రొఫెసర్లకు కూడా తనకంటే ఎక్కువ చోటుందని తేలింది. సైన్స్ విభాగాల్లోని సీనియర్ మహిళా ప్రొఫెసర్లు ఒక్కటయ్యాక జీతాలు, నిధులు, కమిటీల్లో చోటు అన్నీ లెక్కకొచ్చాయి. వివక్ష నిజమేనని 1999లో ఎంఐటీ బహిరంగంగా ఒప్పుకుంది.

అక్కడ ఆడవాళ్లకు తక్కువ ఇవ్వమని ఎవరూ ఆర్డర్ వేయలేదు. ఏ నిర్ణయానికా నిర్ణయం సబబుగానే కనిపిస్తుంది. అన్నీ పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుంది. అందుకే 'మా దగ్గర అలాంటివేం లేవు' అనే మాటను లెక్కలు చూడకుండా నమ్మకూడదంటాను.

మనసులో చెడు ఉద్దేశం లేకపోయినా వివక్ష జరుగుతుంది. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో ఒకే దరఖాస్తును కొందరు సైన్స్ ప్రొఫెసర్లకు మగ పేరుతో, మరికొందరికి ఆడ పేరుతో పంపారు. ఆడ పేరున్నదానికి సమర్థతలో తక్కువ మార్కులు పడ్డాయి, జీతమూ తక్కువే ఇస్తామన్నారు. అలా తక్కువ చేసినవాళ్లలో మహిళా ప్రొఫెసర్లూ ఉన్నారు.

ఇక ఏ లెక్కలోకీ రాని చాకిరీ ఉంది. విద్యార్థి ఏడుస్తూ వస్తే కూర్చోబెట్టి మాట్లాడేది, సెమినార్ ఏర్పాట్లు చూసేది, మీటింగ్ మినిట్స్ రాసేది చాలాసార్లు మహిళలే. ప్రమోషన్ కమిటీ మాత్రం పేపర్లెన్ని, గ్రాంట్లెన్ని అని అడుగుతుంది. డిపార్ట్‌మెంట్ నడవడానికి ఈ పనులు కావాలి, ప్రమోషన్‌కి మాత్రం పనికిరావు. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

మంచి ఉద్దేశంతో పెట్టిన రూల్ కూడా ఎదురుతిరగొచ్చు. బిడ్డ పుడితే టెన్యూర్ (శాశ్వత ఉద్యోగం) కోసం తమను నిరూపించుకోవాల్సిన గడువు పెంచే సౌకర్యాన్ని అమెరికాలో చాలా యూనివర్సిటీలు తల్లికీ తండ్రికీ సమానంగా ఇచ్చాయి. పేరున్న ఎకనామిక్స్ విభాగాలపై 2018లో వచ్చిన పరిశోధన చూస్తే, అక్కడ మగవాళ్లకు టెన్యూర్ దక్కే అవకాశం పెరిగింది, ఆడవాళ్లకు తగ్గింది. కాన్పు, పాలివ్వడం తల్లి వంతు. ఆ అదనపు సమయంలో తండ్రులు ఇంకో పేపర్ వేసుకోగలిగారు. పరిశోధనలకు నిధులిచ్చే యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ దరఖాస్తు అర్హత గడువులో తల్లులకు ఒక్కో బిడ్డకు 18 నెలల సడలింపు ఇస్తుంది, తండ్రులకు తీసుకున్న సెలవు మేరకే లెక్కిస్తుంది. నాకు ఇదే న్యాయంగా అనిపిస్తుంది.

ప్రతి యూనివర్సిటీ ఏటా ల్యాబ్ స్థలం, ఉద్యోగంలో చేరగానే ఇచ్చే తొలి నిధులు, కమిటీ పనులు ఎవరికెంత దక్కాయో బయటపెట్టాలి. ప్రమోషన్ ఫారంలో విద్యార్థుల బాగోగులకు, కమిటీ పనికి ఒక కాలమ్ పెట్టి, దానికి మార్కులివ్వాలి.